భోజనం తర్వాత రెండు చెంచాలు

6 అక్టోబరు 1957, ఆదివారం. నందిగామ

ఈ డైరీ మందుల కంపెనీ వాళ్ళు డాక్టరు గారికిచ్చింది. ఆయన నాకిచ్చారు. తొమ్మిది నెలలు తెల్లగానే పడుంది. ఇవాళ మొదలుపెడుతున్నా.

నిన్న పొద్దున మిక్చర్లు కలుపుతుంటే గుండెల్లో కోడి రెక్కలు కొట్టుకున్నట్టయింది. నెల రోజులుగా అప్పుడప్పుడూ అవుతూనే ఉంది, కాసేపు కూర్చుంటే సర్దుకునేది. నిన్న సర్దుకోలేదు. చేతిలో మెజర్ గ్లాసు జారిపోయింది. ఆ చప్పుడికి డాక్టరు వరప్రసాదరావు గారు లోపలి గదిలోంచి వచ్చారు. గాజుముక్కల వంక చూడలేదు, నా మొహం చూసి చెయ్యి పట్టుకున్నారు. పదిహేనేళ్ళుగా ఆయన దగ్గర కాంపౌండరుగా చేస్తున్నా. ఫ్లూ వచ్చినప్పుడు తప్ప ఆయన నా నాడి చూడటం ఇదే. చాలాసేపు వదల్లేదు. తర్వాత తను స్టెతస్కోపు పెట్టి వింటూ, నా నాడి నన్నే లెక్కపెట్టమన్నారు. ఆయన చెవికి నూట ముప్ఫై. నా వేళ్ళకి నూట నాలుగు. గుండె కొట్టే దెబ్బల్లో కొన్ని చేతిదాకా రావడమే లేదు. వచ్చినవాటికీ ఒక వరస లేదు. రెండు దగ్గరదగ్గరగా, ఒకటి ఆలస్యంగా, ఒకటి ఉందో లేదో తెలియనట్టుగా.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. గుండె పైగదులు ముడుచుకోకుండా ఊరికే వణుకుతుంటాయట, కింది గదులకి ఎప్పుడు కొట్టాలో తెలియక ఇష్టమొచ్చినట్టు కొడతాయట. గుంటూరు వెళ్ళి గుండెకి గ్రాఫ్ తీయించుకు రమ్మన్నారు.

"రోజూ రెండుపూటలా నాడి చూసుకో కృపారావ్. ఏం తిన్నావో, ఏం తాగావో, ఎంత నడిచావో కాయితం మీద రాసి శనివారం శనివారం నాకు చూపించు" అన్నారు.

ఆ కాయితం వేరు. ఇది నాకోసం.

ఇంటికొచ్చి సువార్తమ్మకి చెప్పా. మా పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. అడ్డం రాకుండా నా మాట చివరిదాకా విన్నది ఇదే మొదటిసారి.

11 అక్టోబరు

గుంటూరు వెళ్ళొచ్చా. ఒళ్ళంతా తీగలు తగిలించి గ్రాఫ్ తీసారు. చిన్న వయసు డాక్టరు. గ్రాఫ్ నా ముందు పెట్టి వేలితో చూపించాడు. డాక్టరు గారు చెప్పినదే. కవాటాలు బాగానే ఉన్నాయన్నాడు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చిందా అని అడిగాడు, రాలేదన్నా. నలభై మూడేళ్ళకి ఇలా ఎందుకొచ్చిందబ్బా అని తనలో తనే అనుకున్నట్టు అన్నాడు. కాఫీ? రోజుకి నాలుగుసార్లు. చుట్ట? రెండు. నిద్ర? సరిగ్గా పట్టదు. తాగుడు?

"లేదండి. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం. పైగా ఈ జిల్లాలో నిషేధం కదండి" అన్నా.

నవ్వి రాసుకున్నాడు. కాఫీ, చుట్ట పూర్తిగా మానాలి. ఉప్పు తగ్గించాలి. రాత్రి పూట కడుపునిండా తినకూడదు. రోజూ నడవాలి. గుండె వేగం అదుపులో ఉండటానికి డిజాక్సిన్ మాత్ర రోజూ పొద్దున ఒకటి.

13 అక్టోబరు, ఆదివారం

ఇల్లంతా మారిపోయింది. సువార్తమ్మ ఆవకాయ జాడీ అటక మీదికి ఎక్కించింది. ఎండుచేపలు పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. పొద్దున కాఫీ బదులు రాగిజావ. మధ్యాహ్నం సొరకాయో బీరకాయో, ఉప్పు వేసీ వెయ్యనట్టు. రాత్రి రెండు జొన్నరొట్టెలు, పల్చటి మజ్జిగ. ఎవరో చెబితే తెల్లమద్ది చెక్క తెప్పించి పాలల్లో కాచి ఇస్తోంది. గుండెకి మంచిదట. వగరుగా ఉంటుంది. తాగుతున్నా.

చుట్టలు మునేట్లో పారేసా. పొద్దున్నే మునేటి ఒడ్డుదాకా నడక.

టానిక్ మాత్రం ఉంచా. జూన్ నెల్లో ఊరంతా ఫ్లూ. డాక్టరు గారూ నేనూ ఇరవై రోజులు కూర్చోకుండా పనిచేసాం. చివరికి నాకూ వచ్చింది. లేచాక మెట్లెక్కాలన్నా కాళ్ళు వణికేవి. అప్పుడు డాక్టరు గారే అన్నారు, "ద్రాక్షారిష్టం తాగు. భోజనం తర్వాత రెండు చెంచాలు." ఆకలి పుట్టింది, నిద్ర పట్టింది. ఇప్పుడు రాత్రిపూట ఒక ఔన్సు తాగుతున్నా. నిద్ర ఉండాలని గుంటూరు డాక్టరు కూడా చెప్పాడు కదా.

14 అక్టోబరు

చెవికి 112, చేతికి 98.

15 అక్టోబరు

కాఫీ లేక తలపోటు. ఇంకేం లేదు.

19 అక్టోబరు, శనివారం

కాయితం చూపించా. డాక్టరు గారు మెచ్చుకున్నారు. "పేషెంట్లందరూ నీలా ఉంటే నాకు పనే ఉండదు" అన్నారు.

'తాగేవి' అన్న చోట రాగిజావ, మజ్జిగ, మద్దిచెక్క కషాయం రాసా. టానిక్ రాయలేదు. అది మందు, తాగేవాటిలోకి రాదు. పోనీ మందుల దగ్గర రాద్దామంటే గుంటూరువాళ్ళు రాసిచ్చినది కాదు. ఎక్కడ రాయాలో తేలక వదిలేసా.

3 నవంబరు, ఆదివారం. జగ్గయ్యపేట

ప్రేమదాసు బావని చూడటానికి వచ్చా. సువార్తమ్మకి అన్న, ఇక్కడ బళ్ళో పంతులు. రెండు నెలలుగా ప్రతి పదిహేను రోజులకీ వస్తున్నానని, ఇంతకుముందు ఏడాదికోసారి కూడా వచ్చేవాణ్ణి కాదని బావ నవ్వాడు. జబ్బు చేసాక అయినవాళ్ళని చూడాలనిపిస్తుందన్నా.

ఇక్కడి ఆయుర్వేదం షాపాయన ద్రాక్షలు పులియబెట్టి అరిష్టం తనే తయారుచేస్తాడు. నందిగామలో దొరికేదానికంటే బాగుంటుంది, ఘాటుగా. మూడు సీసాలు తీసుకున్నా. బస్టాండులో ప్రొహిబిషన్ వాళ్ళు కోదాడ బస్సులో వచ్చినవాళ్ళ సంచులు వెతుకుతున్నారు. అటు తెలంగాణా వైపు తాగుడుకి అడ్డు లేదు కదా. నా సంచీ కూడా చూసారు. జవాను ఒక సీసా బయటికి తీసి చీటీ చదివి, మళ్ళీ జాగ్రత్తగా పెట్టేసాడు. "మందేనండి, వెళ్ళండి" అన్నాడు.

ఒళ్ళు చెమట పట్టింది. గుండె జబ్బు వల్ల కావచ్చు.

4 నవంబరు

పొద్దున్నించీ దడ. చెవికి 138. చేతికి అందడం లేదు. బస్సు కుదుపులే కారణం. కంచాలన్నీ మోగినట్టు మోగుతుంది ఆ బస్సు.

5 నవంబరు

తగ్గింది. 96.

18 నవంబరు

నిన్న జగ్గయ్యపేట వెళ్ళొచ్చా. ఇవాళ దడ. ఈ బస్సు ప్రయాణాలు తగ్గించుకోవాలి. ఈసారి ఆరు సీసాలు తెచ్చా, నెలాఖరుదాకా మళ్ళీ వెళ్ళక్కర్లేకుండా.

2 డిసెంబరు

చింతపండు కూడా మానేసా. దానివల్లేనేమోనని అనుమానం.

9 డిసెంబరు

పప్పు మానేసా, వాయువు చేస్తుందని. సువార్తమ్మ కూడా నాతోపాటు ఉప్పులేని కూరే తింటోంది. వేరే వండుకోమన్నా వినదు.

టానిక్ మామూలే. రెండు ఔన్సులు.

26 డిసెంబరు

పండగ బాగా జరిగింది. బావ కుటుంబంతో సహా వచ్చాడు. నిన్న సాయంత్రం టానిక్ కొంచెం ఎక్కువే తీసుకున్నా, నలుగురిలో ఎక్కువసేపు కూర్చోవాలి కాబట్టి. ఇవాళ లేవలేకపోయా. చెవికి 150 దాటింది. ఆయాసం. డాక్టరు గారు ఇంటికే వచ్చి చూసారు. ఏం తిన్నావన్నారు. పలావు అన్నా. అందులో ఉప్పు, నెయ్యి అని సువార్తమ్మని కోప్పడ్డారు.

ఆమె తల వంచుకుని నిలబడింది. నా వంక ఒకసారి చూసింది. నేను కళ్ళు మూసుకున్నా.

5 జనవరి 1958, ఆదివారం

డైరీలో డిసెంబరు అయిపోయింది. కిందటేడు జనవరి పేజీలు ఖాళీగానే ఉన్నాయి కదా, అంకె దిద్దుకుని వాటిలోనే రాస్తున్నా.

మాత్ర వేసుకుంటే నోరు చేదుగా ఉంటోంది. సగానికి తగ్గించా. నాడి మామూలుగానే ఉంది. అంటే కషాయమూ పథ్యమూ పనిచేస్తున్నట్టే. శనివారం కాయితంలో ఒకటి అనే రాసా. అర అంటే ఆయన ఊరికే కంగారుపడతారు.

16 జనవరి

చెవిటికల్లు నించి తిరుపతిరావు గారని ఒక రైతు వచ్చాడు. యాభై అయిదేళ్ళుంటాయి. మనిషి దిట్టం. కృష్ణ ఒడ్డున పొగాకు, మిరప వేస్తాడట. వెంట భార్య రత్తమ్మ గారు. పదడుగులు నడిస్తే ఆయాసం, పాదాల్లో నీరు. డాక్టరు గారు స్టెతస్కోపు పెట్టి నన్ను పిలిచి వినమన్నారు. విన్నా. నా గుండెనే ఇంకొకరి ఛాతీలో విన్నట్టుంది. కాకపోతే ఆయనకి కవాటం కూడా చెడింది.

డిజాక్సిన్ రోజుకి ఒకటి. నీరు దిగడానికి ఇంజక్షన్లు. ఉప్పు బంద్. మాత్రలు పొట్లం కట్టిస్తూ, "నాదీ ఇదే జబ్బండి" అన్నా. పోయిన ప్రాణం లేచొచ్చినట్టు నా మొహం చూసాడు. "మీరు ఇంత హుషారుగా తిరుగుతున్నారే" అన్నాడు.

30 జనవరి

తిరుపతిరావు గారు మళ్ళీ వచ్చాడు. ఆయాసం లేదు, పాదాలు తగ్గాయి. కానీ ఆ మాత్ర వేసుకున్నప్పటినించీ అన్నం సహించడం లేదట, వాంతి వచ్చినట్టుంటుందట. డాక్టరు గారు కేసు చూడటానికి పరిటాల వెళ్ళారు, సాయంత్రానికి గానీ రారు. బస్సు వెళ్ళిపోతుందని ఆయన తొందర.

"మీకెలా తగ్గిందో అది చెప్పండి, అదే చేస్తా" అన్నాడు.

చెప్పా. మాత్ర తగ్గించానని, మద్దిచెక్క కషాయం తాగుతున్నానని, నిద్రకీ ఆకలికీ అరిష్టం వాడుతున్నానని. ఒక సీసా, మద్దిచెక్క పొట్లం నా సంచీలోవే ఇచ్చా. మెల్లిగా మాత్ర ఆపి చూడండి, ఒంటికి పడనిది బలవంతంగా ఎందుకన్నా.

రత్తమ్మ గారు "డాక్టరు గారికి చెప్పనక్కర్లేదా?" అంది.

"నేను చెబుతాలెండి" అన్నా.

31 జనవరి

డాక్టరు గారు కేసులతో తీరిక లేకుండా ఉన్నారు. చెప్పడం కుదర్లేదు.

14 ఫిబ్రవరి

చెవిటికల్లు నించి మనిషి వచ్చాడు. తిరుపతిరావు గారికి ఆకలి బాగా పుడుతోందట, నిద్ర పడుతోందట. ఇంకో మూడు సీసాలు కావాలంటే ఇచ్చి పంపా. నాకు ఒక బస్తా కందులు పంపాడు. కాంపౌండరు గారి చెయ్యి మంచిదన్నాడట.

నిజంగానే సంతోషం వేసింది. పదిహేనేళ్ళలో ఎవరూ డాక్టరు గారిని దాటి నన్ను మెచ్చుకోలేదు.

24 ఫిబ్రవరి

నిన్న జగ్గయ్యపేట. ఇవాళ దడ. బస్సు.

11 మార్చి

తిరుపతిరావు గారిని మధ్యాహ్నం మంచం మీద వేసి లారీలో తెచ్చారు. పడుకోలేడు, కూర్చోలేడు. పెదాలు నల్లబడ్డాయి. దగ్గితే నురగ, అందులో ఎర్రజీర. కాళ్ళు తొడలదాకా వాచాయి. చెవికి 170. చేతికి లెక్క దొరకలేదు.

డాక్టరు గారు మార్ఫియా ఇచ్చి, నరానికి డిజాక్సిన్ ఎక్కించారు. ఆక్సిజన్ విజయవాడ నించి రావాలి, అంతసేపు ఆగే స్థితి కాదు. చేతులకీ కాళ్ళకీ వంతులవారీగా కట్లు కట్టి గుండెకి చేరే నెత్తురు తగ్గించాం. నా చేతులు అలవాటు కొద్దీ పనిచేసాయి. సాయంత్రానికి ఊపిరి కొంచెం తెరిపినపడింది.

"జనవరిలో ఇంజక్షన్లకి నీరంతా దిగిందే. మాత్ర వేసుకుంటుంటే ఇంత విషమించదు. ఏమై ఉంటుంది?" అని డాక్టరు గారు నన్నే అడిగారు.

ఏమోనండి అన్నా.

12 మార్చి

బతికాడు. వెనక గదిలో ఉంచాం.

చెప్పలేదు.

13 మార్చి

డాక్టరు గారు తన పుస్తకాలు తీసి ఆయన కేసు గురించి చదువుతున్నారు. తను వేసిన మోతాదు తప్పేమోనని. మధ్యాహ్నం భోజనానికి కూడా వెళ్ళలేదు.

చెప్పలేదు.

15 మార్చి, శనివారం

కాయితం చూపించా. మాత్ర ఒకటి. తాగేవి మజ్జిగ, జావ, కషాయం. నిద్ర ఏడు గంటలు. మునేటిదాకా నడక. డాక్టరు గారు చదివి, "నువ్వైనా నా మాట నిలబెట్టావు" అన్నారు.

17 మార్చి

తిరుపతిరావు గారు లేచి కూర్చుంటున్నాడు. జావ తాగాడు. ఇవాళ పొద్దున రత్తమ్మ గారు కౌంటరు దగ్గరికి ఒక్కతే వచ్చింది. చుట్టూ చూసి, కొంగు చాటునించి ఖాళీ సీసా తీసి బల్ల మీద పెట్టింది. జగ్గయ్యపేట సీసా.

నన్ను నిలదీస్తుందనుకున్నా.

"ఇది అయిపోయి నాలుగు రోజులయ్యాక ఇలా అయిందండి. మీరిచ్చిన మందు ఆగిపోవడం వల్లేనని ఆయన అంటున్నాడు. డాక్టరు గారికి తెలియకుండా ఇంకోటి ఇప్పించండి. ఈసారి అయిపోకుండా చూసుకుంటా" అంది.

సీసా బల్ల కింద దాచా. రేపు మాట్లాడదామన్నా. నా మీద ఉన్న నమ్మకంతో దణ్ణం పెట్టి వెళ్ళింది.

18 మార్చి

రేపు అన్నది ఇవాళే. ఆమె రెండుసార్లు గుమ్మందాకా వచ్చి చూసి వెళ్ళింది. పనిలో ఉన్నట్టు తల ఎత్తలేదు.

ఇంట్లో ఎన్ని సీసాలున్నాయో చూసా. ఈ నెల్లో తొమ్మిది తెచ్చా. ఒకటిన్నర మిగిలాయి. రెండు ఔన్సులైతే ఇలా అవ్వకూడదు. కాంపౌండరుని. ఎవరి మందు ఎన్ని రోజులొస్తుందో సీసా చూసి చెప్పగలను.

20 మార్చి

చెప్పా.

పొద్దున ఇంకా పేషెంట్లు రాకముందు వెళ్ళి ఆయన బల్ల ముందు నుంచున్నా. తిరుపతిరావు గారి మాత్ర నేనే ఆపించానండి అన్నా. అరిష్టం నేనే ఇచ్చానండి అన్నా. ఆయన పెన్ను మూత పెట్టారు.

"ఎందుకు?"

"నాకు తగ్గిందనుకున్నానండి."

"నీకు తగ్గలేదు. నీ చెయ్యి నేను చూస్తున్నాగా. తగ్గడం లేదేమిటా అని నాలుగు నెలలుగా ఆలోచిస్తున్నా." పెన్ను బల్ల మీద పెట్టి అడిగారు, "నువ్వెంత తాగుతున్నావ్?"

భోజనం తర్వాత రెండు చెంచాలు అనబోయా. నోటిదాకా వచ్చింది కూడా. మూడు రోజులకి ఒక సీసా అన్నా. అనగానే నాకే తెలిసింది, అదీ తక్కువ చేసి చెప్పానని.

"రెండు రోజులకి ఒకటండి. పండగల్లో రోజుకొకటి."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. తిడతారనుకున్నా. తిడితే బాగుండేది. "జూన్‌లో నేనే తాగమన్నా. పదిహేను రోజులు తాగి ఆపమని చెప్పడం మర్చిపోయా" అన్నారు. అది నా తప్పులో ఎంత భాగమో నాకు తెలియదు. ఆయన మాత్రం తన వంతు తీసుకున్నారు.

తర్వాత మామూలు గొంతుతో మూడు సంగతులు చెప్పారు. ఒకటి, ఇవాళ్టినించి అరిష్టం చుక్క ముట్టకూడదు. ఒక్కసారిగా ఆపితే వణుకు వస్తుంది, నాలుగు రోజులు ఆయన కళ్ళముందే ఉండాలి. రెండు, నేను ఎవరికీ సలహా ఇవ్వకూడదు. చీటీలో రాసింది చదివి చెప్పాలి, అంతే. మూడు, తిరుపతిరావు గారికి నేనే చెప్పాలి.

"ఆయన కోలుకున్నాక. ఇప్పుడు చెబితే తట్టుకోలేడు. కానీ నువ్వే చెప్పాలి, నేను చెప్పను."

రత్తమ్మ గారిని మాత్రం ఆయనే పిలిచి, మాత్ర ఆపకూడదని, ఆ అరిష్టం మళ్ళీ ఇవ్వకూడదని గట్టిగా చెప్పారు. ఎవరి వల్ల జరిగిందో చెప్పలేదు.

ఇంటికెళ్ళి సువార్తమ్మకి చెప్పా. ఆమె బియ్యం చెరుగుతోంది. చేట కింద పెట్టలేదు.

"మీరు ఉప్పు మానేసారని నేనూ మానేసా. చింతపండు మానేసారని నేనూ మానేసా. అదెప్పుడు మానేస్తారా అని చూస్తున్నా" అంది.

23 మార్చి

రాయలేకపోతున్నా. చెయ్యి వణుకుతోంది.

27 మార్చి

ఒంటినిండా చెమట. గోడ మీద చీమలు పాకినట్టు కనబడ్డాయి, లేవట. బావ జగ్గయ్యపేట నించి వచ్చి మూడు రోజులున్నాడు. తనకేమీ చెప్పలేదు గానీ, వెళ్ళేటప్పుడు "ఇంక నేనే వస్తుంటా, నువ్వు రాకు" అన్నాడు. తెలిసే ఉంటుంది. ఆ అరిష్టం షాపు బావ పనిచేసే బడికి ఎదురుగానే ఉంది.

తిరుపతిరావు గారిని ఇంటికి పంపించారు. మాత్రలు డాక్టరు గారు తన చేత్తోనే ఇచ్చారు.

4 ఏప్రిల్, గుడ్ ఫ్రైడే

మాత్ర పూర్తిగా ఒకటి వేసుకుంటున్నా. నోరు చేదుగా లేదు. ఆ చేదు మాత్రది కాదు.

112.

9 ఏప్రిల్

104. నిద్ర పట్టదు. అయినా లేచి నడుస్తున్నా. శనివారం కాయితంలో నిద్ర రెండు గంటలు అని రాసా. ఉన్నదున్నట్టు రాస్తే కాయితం ఎంత చిన్నదో.

19 ఏప్రిల్, శనివారం

డాక్టరు గారు స్టెతస్కోపు పెట్టారు, నేను నాడి పట్టుకున్నా. ఇద్దరం నిమిషం పూర్తయ్యాక ఒకరికొకరం చెప్పుకున్నాం. ఆయన చెవికి డెబ్భై ఆరు. నా వేళ్ళకి డెబ్భై ఆరు.

ఆయన ఇంకోసారి విన్నారు. వరసగానే ఉంది. "మళ్ళీ రావచ్చు. వచ్చినా కంగారుపడకు. కాఫీ, చుట్ట, అరిష్టం జోలికి మాత్రం వెళ్ళకు. పప్పూ చింతపండూ తినవయ్యా, అవేం చేసాయి నిన్ను" అన్నారు.

సువార్తమ్మ పప్పుచారు కాచింది. ఇద్దరం చాలాసేపు కూర్చుని తిన్నాం.

3 మే

చెవిటికల్లు వెళ్ళాలి. ఎండలు ఎక్కువగా ఉన్నాయి.

11 మే, ఆదివారం

వెళ్ళలేదు. చర్చిలో పని ఉంది. అంత పనేమీ కాదు.

18 మే, ఆదివారం

వెళ్ళా. కంచికచర్లదాకా బస్సు, అక్కణ్ణించి బండి దొరక్క సగం దూరం నడక. గుండె ఏమీ అనలేదు.

తిరుపతిరావు గారు అరుగు మీద ఉన్నాడు. సన్నబడ్డాడు, చొక్కా వేలాడుతోంది. నన్ను చూసి లేవబోయాడు. లోపల్నించి కుర్చీ తెప్పించి వేసాడు. ఊరవతల మా పేటవాళ్ళు అలాంటి అరుగుల కింద నిలబడటమే గానీ కుర్చీలో కూర్చోవడం నేనెరగను. కాంపౌండరు గారిని కాబట్టి వేసాడు. కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేననిపించింది.

నిలబడే చెప్పా. ఆ రోజు మాత్ర ఆపమనడం తప్పని, డాక్టరు గారికి చెబుతానని చెప్పలేదని, అరిష్టం మందుగా కాదు, తాగుడుగా తాగుతున్నానని, దాంతోనే నా గుండె పాడైందని, అదే ఆయనకిచ్చానని. రత్తమ్మ గారు గుమ్మంలో నుంచుని వింటోంది.

ఆయన చాలాసేపు నా కాళ్ళ వంక చూసాడు.

"నేను చచ్చుంటే?" అన్నాడు.

"నావల్లేనండి."

లేచి పశువుల కొట్టంలోకి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. గడ్డి విదిలిస్తున్న చప్పుడు వినబడుతోంది. నేను వెళ్ళిపోదామని తిరిగా.

"ఆగండి" అంది రత్తమ్మ గారు. లోపలికెళ్ళి మాత్రల పొట్లం తెచ్చి అరుగు మీద పెట్టింది. "ఇది రోజూ ఒకటేనా? ఆయనకి మళ్ళీ అన్నం సహించకపోతే ఏం చెయ్యాలి?"

సలహా ఇవ్వకూడదు. డాక్టరు గారు చీటీలో రాసిందే చెప్పా. పొద్దున ఒకటి. వేసుకునేముందు నాడి చూడాలి. అరవైకి తగ్గినా, వాంతి వచ్చినట్టున్నా ఆ పూట వెయ్యకుండా వెంటనే నందిగామ తీసుకురావాలి. మా అంతట మేం ఆపకూడదన్నమాట అని ఆమె తిరిగి చెప్పింది. అవునన్నా.

"నాడి నాకు తెలియదు. నేర్పండి. ఇంట్లో గోడగడియారం ఉంది."

ఎలా నేర్పాలి? ఆమె చెయ్యి నేను పట్టుకోకూడదు. నా మణికట్టు చాపి, ఎక్కడ మూడు వేళ్ళు ఆనించాలో నా రెండో చేత్తో చూపించా. ఆమె ఒక్క క్షణం ఇంట్లోకి చూసింది. తర్వాత ముందుకొచ్చి తన వేళ్ళు నా మణికట్టు మీద పెట్టింది. గడియారం ముల్లు ఒక చుట్టు తిరిగేదాకా పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది.

"డెబ్భై నాలుగు" అంది. నేను మళ్ళీ చూసుకున్నా. డెబ్భై నాలుగే.

"ఆయనది ఇలా వరసగా ఉండదండి. కవాటం చెడింది కాబట్టి ఇంక ఉండదు కూడా. రెండు నిమిషాలు లెక్కపెట్టి సగం చెయ్యాలి" అన్నా.

తల ఊపింది. వేళ్ళు కొంగుకి తుడుచుకుంది. "ఇకమీదట ఎవరేం చెప్పినా నేను చేత్తో చూసుకునే నమ్ముతానండి" అంది. మర్యాదగానే అంది.

14 జూన్, శనివారం

తిరుపతిరావు గారు వచ్చాడు. బస్టాండు నించి నడిచే వచ్చాడు, ఆయాసం లేదు. డాక్టరు గారు చూసారు. నాడి డెబ్భై ఎనిమిది, వరస తప్పుతూనే ఉంది, కానీ అదుపులో ఉంది. రత్తమ్మ గారు రోజూ చూసినవి ఎవరిచేతో రాయించి తెచ్చింది. ఒక్క రోజు కూడా తప్పలేదు.

చీటీ రాసి నా దగ్గరికి పంపబోతే ఆయన కదల్లేదు. మాత్రలు మీ చేత్తోనే ఇవ్వండి డాక్టరు గారూ అన్నాడు. నాకు వినబడాలనే అన్నాడు. గదిలో ఇంకో నలుగురు పేషెంట్లున్నారు.

"ఇక్కడ మందులు కృపారావే ఇస్తాడండి" అన్నారు డాక్టరు గారు.

కౌంటరు దగ్గరికి వచ్చాడు గానీ నా మొహం చూడలేదు. చీటీ బల్ల మీద పెట్టాడు. ముప్ఫై మాత్రలు పొట్లం కట్టి, చీటీలో ఉన్నది చదివి చెప్పా. అందుకోలేదు. కాసేపటికి చెయ్యి చాపాడు. పొట్లం విప్పి, ఒక్కొక్కటీ బల్ల మీద పెడుతూ లెక్కపెట్టుకున్నాడు. ముప్ఫై అయ్యాక, మళ్ళీ మొదటినించీ లెక్కపెట్టాడు.

వెనక లైను పెరుగుతోంది. ఆయన లెక్క అయ్యేదాకా నుంచున్నా.